మచ్చను బట్టి మ్యాచ్: ఆడిన హాకీ జెర్సీల వెంట నా అనుభవం

"ఎవడో చెమటలు కార్చి విడిచిన అంగీకి పైసలు పెట్టుడేందిరా?" అని మా నాయిన మొదలుకొని మా స్టాఫ్‌రూమ్ దాకా నన్ను అడగనివాళ్ళు లేరు. నా జవాబు ఒకటే. కొట్లో వేలాడే జెర్సీ ఉత్త బట్ట. మైదానంలో ఆడిన జెర్సీ మీద ఆ ఆట ఆనవాళ్ళు మిగిలి ఉంటాయి. గుర్తుపట్టడం తెలిస్తే ఏ టోర్నీ, ఏ మ్యాచ్ అన్నది కూడా చెప్పొచ్చు. తెలియకపోతే అమ్మేవాడు చెప్పిందే వేదం.

నేను కాజీపేట వాణ్ణి. రైల్వే గ్రౌండ్‌లో మొరం మీద హాకీ నేర్చుకున్నాను. మా రోజుల్లో అక్కడ స్టిక్ పట్టిన ప్రతి పోరగాడికీ హైదరాబాద్ ముకేశ్ కుమారే హీరో. 1992, 1996, 2000... మూడు ఒలింపిక్స్ ఆడినవాడు మనవాడని చెప్పుకుంటే ఛాతీ ఉబ్బేది. ఇప్పుడు హనుమకొండ దగ్గర ఒక సర్కారు బడిలో పీఈటీగా చేస్తున్నాను. ఇంత చరిత్ర ఉన్నా, జెర్సీల పిచ్చి నాకు మన హాకీ నుంచి పట్టలేదు. మంచు మీద ఆడే హాకీ నుంచి పట్టింది. వరంగల్‌లో మంచు ఎక్కడిదని నవ్వకండి, చెప్తాను.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకని మా మేనబావ అమెరికా నుంచి వచ్చాడు. ఉండేది న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లో, కాబట్టి అక్కడి ఐస్ హాకీ జట్టు న్యూజెర్సీ డెవిల్స్ అంటే ప్రాణం. అమ్మవార్లకు బంగారం మొక్కు ఉంది, నిలువెత్తు బెల్లం ఎక్కడ తూకం వేయించాలా అని మేమంతా మాట్లాడుకుంటుంటే, సూట్‌కేసు అడుగు నుంచి ఒక తెల్ల జెర్సీ తీసి నా ఒళ్ళో పడేశాడు. "షోరూముది కాదు బావా, ఆడింది" అన్నాడు. ఆ ఆటగాడి పేరు ఇక్కడ రాసినా ఎవరికీ తెలియదు, ఆ ఊళ్ళోనే చాలామందికి తెలియదట. మ్యాచ్‌లో పది నిమిషాలు దిగి, గుద్దుకుని, బెంచీ మీదికి వచ్చేసే రకం.

పార్సిల్ చేయొచ్చు కదా, మోసుకురావడం ఎందుకని అడిగాను. వాడిన బట్టల దిగుమతి మన దేశంలో నియంత్రిత జాబితాలో ఉంది, దానికి లైసెన్సు కావాలి. డబ్బా మీద వాడిన జెర్సీ అని ఉన్నదున్నట్టు రాస్తే కస్టమ్స్‌లో ఇరుక్కుంటుంది, కొత్తదని రాస్తే అబద్ధమవుతుంది. అందుకని ఈ పనిలో ఉన్నవాళ్ళం ఎవరైనా వస్తున్నారంటే సూట్‌కేసులో ఎంత జాగా ఉందో ముందుగానే ఆరా తీస్తాం.

ఆ జెర్సీ బరువు చూసి మొదట ఆశ్చర్యపోయాను. మన హాకీ టీషర్టు పిడికిట్లో పడుతుంది. ఇది అట్లా కాదు. భుజాలకు, మోచేతులకు కట్టుకునే ప్యాడ్ల మీద నుంచి తొడగాలి కాబట్టి 56, 58 సైజుల్లో ఉంటాయి. నేను వేసుకుంటే మోకాళ్ళ దాకా వచ్చింది. తెల్లబట్ట మీద అక్కడక్కడ నల్లటి చారలు. బంతికి బదులు ఆడే పక్ అనే బిళ్ళ గట్టి రబ్బరు, స్టిక్‌కు చుట్టే టేపు కూడా ఎక్కువగా నల్లదే, తగిలిన చోటల్లా గీత పడుతుంది. 2003-04 నుంచి అక్కడి పెద్ద ఐస్ హాకీ లీగు ఎన్‌హెచ్‌ఎల్‌లో సొంత ఊళ్ళో ముదురు రంగు, బయటి ఊళ్ళో తెలుపు వేసుకుంటారు. డెవిల్స్ సొంత ఊళ్ళో వేసే ఎర్ర జెర్సీ అందంగా ఉంటుంది కానీ, పరిశీలించడానికి తెల్లదే మేలు. ఏదీ దాచుకోదు. మోచేతుల దగ్గర రింకు (మంచు మైదానం) గోడకు ఒరుసుకున్న గీతలున్నాయి. మణికట్టు దగ్గర గ్లౌజు రాపిడికి బట్ట ఉండలు కట్టింది.

బావ దాన్ని తిరగేసి, వెనక నడుము దగ్గర లోపలివైపు ఉన్న ఒక పట్టీ చూపించాడు. దాన్ని ప్యాంటుకు బిగిస్తారట. ఆ ఆటలో కొట్లాట మామూలే. అవతలివాడి జెర్సీని తల మీదికి లాగి గుద్దడం ఒకప్పుడు విద్య. కొందరైతే ముందే వదులుగా వేసుకుని, పట్టుకోగానే జెర్సీ ఊడివచ్చేట్టు చూసుకునేవాళ్ళు. ఊడిపోయాక అవతలివాడికి పట్టు దొరకదు, వీడి చేతులు రెండూ ఖాళీ. అందుకే నిబంధన తెచ్చారు. పట్టీ సరిగా బిగించుకోకుండా కొట్లాటలో దిగి, జెర్సీ పోగొట్టుకున్నవాణ్ణి మ్యాచ్ నుంచి పంపించేస్తారు. బఫెలో జట్టుకు ఆడిన రాబ్ రే పుణ్యమా అని వచ్చిన నిబంధన కాబట్టి దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. మనకు సంగతేంటంటే, ఆడిన జెర్సీలో ఆ పట్టీ కుట్లు లాగినట్టు, కాస్త సాగి ఉంటాయి. పట్టీ ఉండి, అది నిన్న కుట్టినట్టు నిగనిగలాడుతుంటే అనుమానించాలి.

లేబుల్ ఇంకో సాక్ష్యం. 2017-18 నుంచి 2023-24 దాకా ఎన్‌హెచ్‌ఎల్ జెర్సీలు అడిడాస్‌వి. దానికి ముందు రీబాక్, తర్వాత ఫనాటిక్స్. అడిడాస్ కాలంలో అభిమానులకు అమ్మిన ఖరీదైన రకం ఇండోనేషియాలో తయారైంది. ఆటగాళ్ళు వేసుకున్నవి కెనడాలో, క్యూబెక్‌లోని సెయింట్ హయసింత్ అనే ఊళ్ళో కుట్టారు. కాబట్టి ఇండోనేషియా లేబుల్ ఉన్నదాన్ని ఎవరైనా ఆడిన జెర్సీ అంటే అక్కడితో మాట ముగించొచ్చు. అయితే కెనడా లేబుల్ ఉన్నంత మాత్రాన ఆడినట్టు కాదు. అవీ బయట అమ్మకానికి దొరుకుతాయి. జట్టు కోసం తయారై, ఆటగాడి పేరు కుట్టించుకుని, సీజనంతా అలమారాలోనే ఉండిపోయినవి కూడా ఉంటాయి. చూడ్డానికి అన్నీ ఒకటే. ఈ పనిలో ఇబ్బందంతా ఇక్కడే.

లోపల ఒక చిన్న ట్యాగు, దాని మీద నంబరు. న్యూజెర్సీలోనే మెయ్‌గ్రే అనే సంస్థ ఉంది. లీగుతోనూ జట్లతోనూ ఒప్పందం చేసుకుని జెర్సీలను నేరుగా తీసుకుని, ఒక్కోదానికి నంబరు వేసి, ట్యాగు కుట్టి, ఏ సెట్టులో ఎప్పుడు వాడారో రాసిన ఉత్తరంతో అమ్ముతారు. జట్లు సీజన్‌ను భాగాలు చేసుకుని జెర్సీల సెట్లు మారుస్తాయి కాబట్టి, సెట్టు తెలిస్తే ఏ నెల నుంచి ఏ నెల దాకా వాడారో తెలిసిపోతుంది. ఇదంతా విని నాకు కుళ్ళు పుట్టింది, అబద్ధం ఆడను. మన దగ్గర ఒలింపిక్ పతకం తెచ్చిన జెర్సీ ఎవరి బీరువాలో ఉందో రాసిపెట్టిన పుస్తకమే లేదు.

"ట్యాగు జూసి నమ్మకు బావా. ట్యాగు గూడ ఊడదీసి ఇంకోదానికి కుట్టొచ్చు" అని చెప్పి బావ మేడారం వెళ్ళొచ్చి, ఎడిసన్ బండెక్కాడు.

ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. హనుమకొండ చౌరస్తా దగ్గర మా బడి కబడ్డీ టీముకు, ఖోఖో టీముకు జెర్సీలు వేసిచ్చే ప్రింటింగ్ షాపు ఉంది. నడిపేది నాకంటే చిన్నవాడు, చేతిలో పనితనం ఉంది. జెర్సీ బల్ల మీద పరిచానో లేదో, లోపలి భాగం బయటికి తిప్పేశాడు.

"బయటంత సింగారమే సార్. లోపల సూడాలె."

నంబరు ప్రింటు కాదు. మందపాటి బట్టను అంకె ఆకారంలో కత్తిరించి, రెండు రంగుల్లో పొరమీద పొర పెట్టి, అంచు పొడవునా వంకీ కుట్టు వేశారు. పేరు ఇంకో పట్టీ మీద కుట్టి, ఆ పట్టీని జెర్సీకి కుట్టారు. జెర్సీని ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టి, పేరుపట్టీ చుట్టూ వేలితో తడుముతూ పోయాడు. దేనికోసమో నాకు అర్థం కాలేదు. "ఇంతకుముందు వేరే పేరు కుట్టి తీసేసి ఉంటే సూది బెజ్జాలు వరుసగ కనపడ్తయి సార్. పాలిస్టర్ల బెజ్జం పూడదు. దీనికి లెవ్వు" అన్నాడు. తర్వాత తెలిసింది, జెర్సీలు కూడబెట్టేవాళ్ళు పెద్ద భూతద్దాలు పెట్టుకుని చూసేది సరిగ్గా ఇదేనని. ఆటగాడు వేరే జట్టుకు పోతే పేరు తీసి ఇంకొకరిది కుట్టడం అక్కడ మామూలు. తర్వాత ఎవడో పెద్ద ఆటగాడి పేరు తిరిగి కుట్టి ధర పెంచడమూ మామూలే.

వాడే ఇంకోటి చూపించాడు. అంకె అంచు కింద జాలీబట్ట రంధ్రాల వరుస ఉంటుంది కదా. మనిషి చేత్తో అంకె పెట్టి కుట్టేటప్పుడు ఆ అంచు ఒక చోట రంధ్రాన్ని సగం మూస్తుంది, ఒక చోట పక్కనుంచి పోతుంది. "ఇదే మనిషి ఇదే మిషన్ మీద ఇంకోటి కుట్టినా గిట్లనే రాదు సార్" అన్నాడు. పత్రికా ఫోటోగ్రాఫర్లు తీసే ఫోటోల్లో ఆ రంధ్రాలు లెక్కపెట్టేంత స్పష్టత ఉంటుంది. బావ అక్కణ్ణుంచి పంపిన మ్యాచ్ ఫోటోల్లో ఒకదానిలో ఆ ఆటగాడు గోడవైపు తిరిగి వంగి ఉన్నాడు. వీపు మీద మొదటి అంకె కింది మూల, పక్కనే నల్లచార, చార చివర చిన్న కొక్కెంలాంటి వంపు. బల్ల మీద ఉన్నదానిలో అదే మూల, అదే చార, అదే వంపు. షాపులో మేమిద్దరం ఫోను తెర వంకా జెర్సీ వంకా చూస్తూ ఎంతసేపు ఉన్నామో తెలియదు, కబడ్డీ ఆర్డరు కోసం వచ్చినవాళ్ళు విసుక్కుని పోయారు.

దీన్నే ఫోటో మ్యాచింగ్ అంటారు. ఈ రంగంలో డబ్బంతా దీని చుట్టే తిరుగుతుంది. ఐస్ హాకీ దిగ్గజం వేన్ గ్రెట్‌స్కీ ఎడ్మంటన్ ఆయిలర్స్‌కు చివరిసారిగా, 1988లో ఎన్‌హెచ్‌ఎల్ కప్పు అయిన స్టాన్లీ కప్ గెలిచిన రోజు వేసుకున్న జెర్సీ 2022లో 14.5 లక్షల డాలర్లకు పోయింది. దానికి ముందు 2010లో కెనడా ఆటగాడు పాల్ హెండర్సన్ జెర్సీ 12 లక్షల డాలర్లు దాటింది. 1972లో మాస్కోలో సోవియట్ జట్టు మీద, ఆఖరి మ్యాచ్‌లో 34 సెకన్లు మిగిలుండగా గోల్ కొట్టినప్పుడు ఒంటి మీద ఉన్నది అది. ఆయన దాన్ని జట్టు ట్రైనర్‌కు ఇచ్చేశాడు, అక్కణ్ణుంచి చేతులు మారింది. ఏ చేయి నుంచి ఏ చేతికి పోయిందో చెప్పగలగడం, ఫోటోతో సరిపోలడం, ఈ రెండూ కలిసినప్పుడే అంత ధర. సంతకం విలువ వీటి తర్వాతే. సంతకం ఉందంటే ఆటగాడు ఆ బట్ట మీద పెన్ను పెట్టాడని అర్థం, అంతే. దాన్ని వేసుకుని ఆడాడని కాదు.

ఇక మన హాకీలోకి వస్తాను. నాకు అసలు కావలసింది అదే.

మన దగ్గర రిజిస్టరు లేదు, ట్యాగు లేదు, ఉత్తరం లేదు. ఉన్నవాటిల్లో సగం టోర్నీ అయ్యాక ఎదుటి జట్టువాళ్ళతో మార్చుకోవడంలో దేశం దాటిపోతాయి. మిగిలినవి తమ్ముళ్ళకు, హాస్టల్ పిల్లలకు, ఊళ్ళో దోస్తులకు పోతాయి. వాళ్ళు దాచుకోరు, వేసుకుని ఆడతారు. అందుకే మన జెర్సీల మీద అరుగుదల, మరక, చిరుగు బోలెడు ఉంటాయి, వాటిల్లో అంతర్జాతీయ మ్యాచ్‌ది ఏదో తేల్చడమే కష్టం.

కొన్ని మాత్రం బట్టను ముట్టుకోకుండానే తేలిపోతాయి. టోక్యో ఒలింపిక్స్ కాంస్యం తర్వాత ఆన్‌లైన్‌లో వేరే రాష్ట్రం మనిషి ఒకాయన టోక్యోలో ఆడిన జెర్సీ అని నాకు ఫోటో పంపాడు. సంతకం ఉంది, బంగారు అంచు సర్టిఫికెట్ ఉంది, ధర 40 వేలు. ఛాతీ మీద ఒడిశా అని పెద్ద అక్షరాలతో ఉంది. 2018 నుంచి ఒడిశా ప్రభుత్వం మన జట్ల స్పాన్సర్, నిజమే. కానీ ఒలింపిక్స్‌లో జెర్సీ మీద స్పాన్సర్ పేరు ఉండనివ్వరు. ఒలింపిక్ చార్టర్ 50వ నిబంధన. తయారీదారు గుర్తు, అదీ చిన్నది, తప్ప ప్రకటనలు కుదరవు. టోక్యోలో మనవాళ్ళ ఛాతీ మీద ఇండియా అనే ఉంది. 2021 ఆగస్టు 5న జర్మనీని 5-4తో ఓడించిన మ్యాచ్ ఫోటో ఏది చూసినా కనిపిస్తుంది. ఆ మాటే ఆయనకు రాశాను. ప్రాక్టీసులో వేసుకున్నదేమో అన్నాడు. అయితే ప్రాక్టీసు జెర్సీ ధర చెప్పండన్నాను. మళ్ళీ జవాబు లేదు.

నంబర్లు కూడా ఇట్లాగే పట్టిస్తాయి. పారిస్ ఒలింపిక్స్ తర్వాత గోల్‌కీపర్ శ్రీజేశ్ 16వ నంబరును ఇంకెవరికీ ఇవ్వకుండా 2024 ఆగస్టులో సీనియర్ జట్టు నుంచి తప్పించారు, అదే ఏడాది మహిళల జట్టులో రాణి రాంపాల్ 28ని కూడా. ఆ తర్వాతి సిరీస్ పేరు చెప్పి ఎవరైనా సీనియర్ పురుషుల 16 అమ్మజూపితే బేరం కూడా ఆడక్కర్లేదు. జూనియర్ జట్టులో 16 ఉంటుంది, ఆ తేడా మాత్రం గుర్తుంచుకోవాలి.

నాకు బాగా పని పెట్టింది, బాగా తృప్తినిచ్చింది కూడా, కాజీపేటలోనే దొరికిన జెర్సీ. రైల్వేలో రిటైరైన పెద్దాయన ఒకాయన, మా నాయినకు తెలిసినవాడు. సికింద్రాబాద్‌లో పనిచేసేటప్పుడు స్పోర్ట్స్ కోటాలో వచ్చిన ఒక ఇండియా ఆటగాడు ఆయనకు ఇచ్చాడట. ఆటగాడి పేరు, టోర్నీ పేరు ఇక్కడ రాయొద్దని పెద్దాయన షరతు. ఒడిశా రాకముందు సహారా స్పాన్సర్‌గా ఉన్న కాలం నాటిది, నీలం రంగు. నేను వెళ్ళేసరికి నీళ్ళ మోటరు పక్కన మేకుకు వేలాడుతోంది.

"దేశానికి ఆడిన అంగీ అది. నా మాట మీద నమ్మకం లేదాయె నీకు? ఇంక నీకు కాయితం ఎందుకురా పిలగా?" అన్నాడు.

"నీ మీద నమ్మకం ఉన్నది పెద్దనాయినా. అంగీని కూడ ఒకసారి అడుగుదామని" అన్నాను. నవ్వి ఇచ్చాడు.

ఇంటికి తెచ్చి ముందు చేసిన పని, ఉతకకుండా ఉంచమని మా ఆవిడతో గట్టిగా చెప్పడం. రెండో పని, ఉన్నవన్నీ ఒక కాగితం మీద గీసుకోవడం. కుడి మోచేతి దగ్గర ఎర్రమట్టి మరక. ఎడమ చంక కింద చిరుగు, తెల్లదారంతో కుట్టింది. వీపు కింది భాగంలో జానెడు పొడవున లాగిన దారం, పక్కన బట్ట కొద్దిగా ముడుచుకుంది. నంబరులో రెండో అంకె మొదటిదానికంటే కొంచెం కిందికి, వడ్లగింజంత, పైగా కుడివైపు ఒరిగి ఉంది.

ఎర్రమట్టి చూసి సంతోషపడేవాళ్ళను చూశాను, ఎంత ఆడారో చూడండి అంటారు. అంతర్జాతీయ హాకీ ఆడేది సింథటిక్ టర్ఫ్ మీద, అదీ నీళ్ళు చల్లిన టర్ఫ్ మీద. ఎర్రమట్టి అంటే ఆ తర్వాత ఎవరో మన గ్రౌండ్లలో వేసుకుని పడ్డారని. దాన్ని కాగితం మీద తర్వాతిది అన్న వరుసలో రాశాను.

నంబరు దగ్గర చౌరస్తా తమ్ముడి పాఠం పనికొచ్చింది. జెర్సీ మీద అంకెలు రెండు రకాలుగా వస్తాయి. ఇప్పుడు మనం వేయించే సబ్లిమేషన్‌లో రంగు, అంకె, పేరు అన్నీ 200 డిగ్రీల దగ్గర వేడికి బట్టలోకే ఇంకిపోతాయి, గోకినా రావు. డిజైన్ కంప్యూటర్‌లోంచి వస్తుంది కాబట్టి అందరి జెర్సీల్లో అంకె ఒకే చోట ఉంటుంది, దాన్ని బట్టి ఏదీ తేల్చలేం. రెండోది, అంకెను రబ్బరు షీటులో కత్తిరించి వేడిపెట్టి అంటించడం. ఇది మనిషి చేత్తో పెట్టేది, కాబట్టి ఒకటి ఒరుగుతుంది, ఒకటి జరుగుతుంది. పెద్దాయన జెర్సీ రెండో రకం. ఎవరో కిట్ మనిషి హడావిడిగా నొక్కిన ఆ వంకర అంకె నాకు దొరికిన మొదటి ఆధారం.

ఫోటోలు వెతకడం మాత్రం విసుగు పుట్టించే పని. వార్తాసంస్థల ఫోటోలు గెట్టీ లాంటి ఫోటో వెబ్‌సైట్లలో ఉంటాయి, మీద అడ్డంగా ముద్ర ఉన్నా చూసుకోవడానికి సరిపోతాయి. ఆటగాడి పేరు కొడితే అన్నీ ముఖాలే వస్తాయి. ఎవరూ వీపు తీయరు. అందుకే ఎదుటి జట్టు ఆటగాళ్ళ పేర్లతో వెతకడం మొదలుపెట్టాను. వాళ్ళ ముఖం కనపడే ఫోటోలో మనవాడి వీపు ఉంటుంది కదా! ఈ చిట్కా నాకెవరూ చెప్పలేదు, రాసిపెట్టుకోండి.

దొరికిన వాటిల్లో కొలతలు ఎట్లా? ఫోటోలో సెంటీమీటర్లు ఉండవు, నిష్పత్తులే ఉంటాయి. కాలరు కుట్టు నుంచి అంకె పైఅంచుకు ఎంత, అంకె ఎత్తు ఎంత, ఒకదానిలో ఇంకోటి ఎన్నోవంతు. బల్ల మీద స్కేలు పెట్టి, తెర మీద స్కేలు పెట్టి చూశాను. బట్ట ముడతపడితే లెక్క తప్పుతుంది, కాబట్టి ఆటగాడు వంగి వీపు బిగుతుగా ఉన్న ఫోటోలే నమ్మాలి. టోర్నీ మొదటి మ్యాచ్‌ది ఒకటి అట్లాంటిది దొరికింది. రెండో అంకె కిందికి ఉంది, ఒరిగి ఉంది, నిష్పత్తి కుదిరింది.

అక్కడితో తేలలేదు. ఒక్కో ఆటగాడికి ఒకే నంబరుతో రెండో మూడో జెర్సీలు ఇస్తారు. ఆ హడావిడి మనిషే రెండోదాన్నీ అట్లాగే వంకరగా నొక్కి ఉండొచ్చు. అందుకే ఒక గుర్తు సరిపోదు, దానితో సంబంధం లేని రెండో గుర్తు కావాలి. వీపు కింద లాగిన దారం కోసం చూశాను. మొదటి మ్యాచ్ ఫోటోలో లేదు. రెండో మ్యాచ్‌లో ఆ భాగం కనపడలేదు. మూడో మ్యాచ్‌లో గోల్ కొట్టాక అందరూ ఒకరినొకరు కావలించుకుంటుంటే, గుంపు అంచున మనవాడి వీపు పూర్తిగా కెమెరా వైపు ఉంది. పెద్దది చేస్తే నడుము పైన సన్నటి గీత, దాని పక్కన ముడుచుకున్న బట్ట. గీత ఎక్కడ మొదలవుతుందో, పక్కకుట్టుకు ఎంత దూరంలో ఆగుతుందో రెంటిలోనూ ఒకటే. కాబట్టి ఈ జెర్సీ మూడో మ్యాచ్‌లో వేసుకున్నదే. అంకె కూడా కుదిరింది కాబట్టి మొదటిదానిలోనూ ఇదే కావచ్చు, కానీ ఒక్క గుర్తుతో ఖాయం చేయను. దారం మొదటి మ్యాచ్‌కూ మూడో మ్యాచ్‌కూ మధ్య ఎక్కడో లాగింది. ఆ మూడో మ్యాచ్ ఫోటోలో చేయి పైకెత్తి ఉంది, చంక కింద చిరుగూ లేదు, తెల్లకుట్టూ లేదు.

అంటే ఆ కుట్టు తర్వాతిది. టోర్నీలోనే జట్టువాళ్ళు కుట్టించారా? అట్లా అయితే దానికి విలువ ఎక్కువ, జట్టు మరమ్మతు అని చెప్పుకుంటారు. తెలిసిన బంగారం షాపు నుంచి దొంగనోట్లు పట్టే ఊదారంగు లైటు అడిగి తెచ్చాను. గది చీకటి చేసి వేస్తే, జెర్సీ అసలు కుట్లన్నీ మసగ్గా ఉన్నాయి, చంక కింది దారం ఒక్కటే తెల్లగా మెరిసింది. బట్టలకు, దారాలకు తెల్లదనం కోసం కలిపే రసాయనాలు ఆ లైటులో అట్లా మెరుస్తాయి. సబ్బుపొడుల్లోనూ అవే ఉంటాయి కాబట్టి బాగా ఉతికిన బట్ట మొత్తం మెరిసి మనల్ని అయోమయంలో పడేస్తుంది. ఇది పెద్దగా ఉతుకు చూడలేదు, అదృష్టం. దారం వేరని తేలింది, ఎవరు కుట్టారన్నది మాత్రం లైటు చెప్పదు.

దానికి మనిషినే అడగాలి. అడగడంలోనూ ఒక పద్ధతి ఉంది. "ఈ కుట్టు జట్టువాళ్ళదేనా?" అని అడిగితే మర్యాదకైనా అవునంటారు. పెద్దాయన దగ్గరకు పోయి, జెర్సీ ఇచ్చినప్పుడు ఎట్లుండె అని మాత్రమే అడిగి ఊరుకున్నాను. టీ వచ్చింది, రైల్వే పింఛను సంగతి వచ్చింది, మనవడి ఇంటర్ మార్కుల సంగతి వచ్చింది. లోపల్నుంచి వాళ్ళావిడ అన్నది, "చంకల చినిగితే నేనే కుట్టిన గద బిడ్డా, తెల్లదారమే ఉండె ఇంట్ల." సంచీలో ఉన్న కాగితం తీసి, ఆ కుట్టు పక్కన ఇంటికుట్టు అని రాసుకున్నాను. పెద్దాయన ఆటగాడికి ఫోన్ కలిపించి మాట్లాడించాడు కూడా. ఆయన హిందీలో చాలా ఆప్యాయంగా మాట్లాడాడు, కానీ ఏ జెర్సీ ఎవరికిచ్చాడో ఆయనకేం గుర్తులేదు, అది మంచి టోర్నీ అన్నాడంతే. ఫోటో దొరక్కపోయి ఉంటే నాకు మిగిలేది అదే.

ఐదు వేలు అడిగాడు పెద్దాయన. ఇచ్చాను. రెండుసార్లు లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఎవరి దగ్గర్నుంచి ఎవరికి, ఏ సంవత్సరం అన్నది తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టమంటే మాత్రం మళ్ళీ కాయితమా అని గొణిగి పెట్టాడు.

ఇప్పుడు నా దగ్గర ఒక పొడుగు రిజిస్టరు ఉంది, బడిలో హాజరుపట్టీ లాంటిదే. ప్రతి జెర్సీకి ఒక పేజీ, చివర ఒక గడి: తేలింది, తేలలేదు, కాదు. ఎక్కువ పేజీల్లో రెండోదే ఉంటుంది. దాచడం గురించి రెండు మాటలు. అంటించిన అంకెలున్న జెర్సీని వరంగల్ ఎండాకాలంలో మడతపెట్టి ప్లాస్టిక్ కవరులో పెడితే అంకె అంకెకు అతుక్కుపోతుంది. మడతల మధ్య బటర్‌పేపరు పెట్టి, నూలు సంచిలో వేసి, మంచం కింద కాకుండా గాలి తగిలే అరలో ఉంచుతాను. ఇస్త్రీ లేదు, కలరా ఉండలు లేవు. ఉతుకు అసలే లేదు, మురికి పోతే సాక్ష్యం పోతుంది. ఈ చివరిదాని మీద ఇంట్లో ఇంకా ఒప్పందం కుదరలేదు.

కొత్తవాటికి ఇంత కష్టం ఉండదు. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో హాకీ ఇండియా లీగ్ ఫైనల్, మన హైదరాబాద్ తూఫాన్స్ బెంగాల్ టైగర్స్ చేతిలో 4-3తో ఓడిన మ్యాచ్, ఇంట్లో కూర్చుని ఏ ఫ్రేమ్ కావాలంటే ఆ ఫ్రేమ్ దగ్గర ఆపుకోవచ్చు. నన్ను వేధిస్తున్నది దానికి ఇరవై ఏళ్ళ ముందుది. 2005 ఆరంభంలో ప్రీమియర్ హాకీ లీగ్ అని మొదలైంది గుర్తుందా? పదిహేడున్నర నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. గచ్చిబౌలిలో మ్యాచ్‌లు, మొదటి కప్పు మన హైదరాబాద్ సుల్తాన్స్‌ది. ఆ జట్టు జెర్సీ అని చెప్పి ఒక దోస్తు ఇచ్చినది నా దగ్గర ఉంది. అంకెలు బట్టలో ఇంకిపోయిన రకం, కాబట్టి వాటివల్ల లాభం లేదు. కుడి భుజం వెనక బెత్తెడు చిరుగు, లోపల్నుంచి అతుకు వేసి నల్లదారంతో జాగ్రత్తగా కుట్టింది ఒక్కటే ఆధారం. టీవీ రికార్డింగులు మసగ్గా ఉన్నాయి, పేపరు ఫోటోలు చుక్కలు చుక్కలుగా ఉన్నాయి. రిజిస్టరులో ఆ పేజీ చివర తేలలేదు అనే ఉంది.

అప్పట్లో వరంగల్ నుంచి, కాజీపేట నుంచి రైలెక్కి ఆ మ్యాచ్‌లకు పోయినవాళ్ళు చాలామందే ఉన్నారు. గ్యాలరీలో కూర్చుని చిన్న కెమెరాలతో ఫోటోలు తీసినవాళ్ళూ ఉంటారు. మీ పాత సీడీల్లో, ఆల్బముల్లో ఉంటే ఒకసారి చూడండి. ముఖాలు అక్కర్లేదు. ఆటగాడు అటు తిరిగి ఉన్నాడని, ఫోటో పాడైందని పక్కన పెట్టినవి ఉంటాయి చూడండి, నాకు కావలసింది అవే.